లంగ్ క్యాన్సర్ నాలుగో స్టేజ్‌లో చైనా కషాయం.. అక్కడి డాక్టర్లు నిజంగా ఏం ఇస్తున్నారు? ఎంతవరకు పనిచేస్తోంది?

ఇంట్లో ఒకరికి లంగ్ క్యాన్సర్ నాలుగో స్టేజ్ అని తేలిందంటే చాలు.. రిపోర్ట్ చేతికొచ్చిన సాయంత్రానికే ఫోన్లు మొదలవుతాయి. బాబాయ్ ఒక నాటు వైద్యుడి అడ్రస్ చెప్తాడు. మేనత్త వాట్సాప్‌లో ఒక వీడియో పంపిస్తుంది. "చైనాలో కీమో లేకుండానే మూలికలతో తగ్గించేస్తున్నారట" అనే మాట కూడా ఈ వరుసలోనే వస్తుంది. భయంలో ఉన్నవాళ్లకు ఆ మాట గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. తప్పు కూడా కాదు.

కానీ ఆ మాటలో సగమే నిజం. చైనాలో క్యాన్సర్ పేషెంట్లకు మూలికలు ఇస్తున్నమాట వాస్తవమే. అదీ పెద్ద పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే. "కీమో లేకుండానే" అన్నది మాత్రం అక్కడి ఆస్పత్రుల్లో జరుగుతున్నది కాదు. మరి ఏం జరుగుతోంది? ఆ కషాయం వల్ల ఆయుష్షు పెరుగుతుందా? మన దగ్గర ఎవరైనా తెప్పించుకుని వాడొచ్చా? ఒక్కొక్కటిగా చూద్దాం.

చైనాలో ఈ జబ్బు ఎంత పెద్దదంటే..

2022లో ప్రపంచం మొత్తం మీద కొత్తగా దాదాపు 24.8 లక్షల మందికి లంగ్ క్యాన్సర్ వచ్చింది. 18 లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ కొత్త కేసుల్లో సుమారు 10.6 లక్షలు ఒక్క చైనావే. అదే ఏడాది మన దేశంలో 81 వేల పైచిలుకు కేసులు నమోదయ్యాయి. అంటే ఈ జబ్బుతో పోరాటం చైనాకు ఎంత పెద్ద సమస్యో అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ అడ్వాన్స్‌డ్ అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పుకోవాలి. క్యాన్సర్ ఊపిరితిత్తి దాటి రెండో ఊపిరితిత్తికో, ఎముకలకో, లివర్‌కో, మెదడుకో పాకిపోయిన దశ అది. ఈ స్టేజ్‌లో ఆపరేషన్ చేసి మొత్తం తీసేయడం సాధారణంగా కుదరదు. ట్రీట్‌మెంట్ లక్ష్యం జబ్బును అదుపులో పెట్టడం, ఉన్న రోజులు పెంచడం, ఆ రోజుల్లో బాధ తగ్గించడం. 2002లో అమెరికాలో కీమో కాంబినేషన్లు నాలుగింటిని పోల్చి చూస్తే పేషెంట్లలో సగం మంది బతికిన కాలం సుమారు 8 నెలలే. ఏడాది దాటినవాళ్లు మూడో వంతు. చైనా మూలికల మీద మొదటి తరం రీసెర్చ్ అంతా ఈ రోజుల్లో జరిగిందే. ఆ నిస్సహాయత గుర్తుంటేనే డాక్టర్లు అక్కడ కషాయం వైపు ఎందుకు చూశారో తెలుస్తుంది.

ఒకే ఆస్పత్రి.. రెండు వైద్యాలు

చైనాలో సంప్రదాయ వైద్యం పక్కదారి వైద్యం కాదు. 1982 నాటి రాజ్యాంగంలోనే ఆధునిక వైద్యంతో పాటు చైనా సంప్రదాయ వైద్యాన్నీ ప్రభుత్వం అభివృద్ధి చేస్తుందని రాసుకున్నారు. 2017 జూలై 1 నుంచి దీనికి ప్రత్యేక చట్టం కూడా అమల్లో ఉంది. బీజింగ్‌లోని గ్వాంగ్‌ఆన్‌మెన్, షాంఘైలోని లోంగ్‌హువా లాంటి సంప్రదాయ వైద్య ఆస్పత్రుల్లో క్యాన్సర్ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. సీటీ స్కాన్, బయాప్సీ రిపోర్టులతోనే పేషెంట్ లోపలికి వెళ్తాడు.

అక్కడ డాక్టర్ చేసే పని మాత్రం మనకు కొత్తగా ఉంటుంది. చేయి పట్టుకుని నాడి చూస్తాడు. నాలుక బయటపెట్టమంటాడు. దాని రంగు, మీద ఉన్న పూత గమనిస్తాడు. చెమటలు, నిద్ర, ఆకలి, విరేచనం, దగ్గితే వచ్చే కఫం.. అన్నీ అడుగుతాడు. మన ఆయుర్వేద వైద్యులు వాత, పిత్త, కఫాలు చూసినట్టే వాళ్లు శరీరంలో "చీ" అనే శక్తి తగ్గిందా, "యిన్" తగ్గిందా, కఫం పేరుకుందా, రక్తం గడ్డకట్టినట్టు నిలిచిందా అని లెక్కేస్తారు. అందుకే ఒకే స్టేజ్‌లో ఉన్న ఇద్దరు పేషెంట్లకు రెండు వేర్వేరు మందుల చీటీలు రావచ్చు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.. రీసెర్చ్ దగ్గరికి వచ్చేసరికి ఇదే పెద్ద తలనొప్పి.

చీటీలో పది, పదిహేను రకాల మూలికలు ఉండటం మామూలే. హువాంగ్ చీ అనే ఆస్ట్రాగలస్ వేరు, గిన్సెంగ్, బాయ్‌జూ, ఫూలింగ్ అనే ఒక రకం ఫంగస్, గాన్‌సావ్.. ఇలా ఉంటుంది లిస్టు. గాన్‌సావ్ అంటే మరేదో కాదు, మన పచారీ కొట్లో దొరికే అతిమధురం జాతి వేరే. ఇంట్లో కాచుకోలేని వాళ్లకు ఆస్పత్రే కాచి, సాస్ ప్యాకెట్లలా సీల్ చేసిన చిన్న కవర్లలో ఇస్తుంది. ఇంటికెళ్లి వేడి నీళ్లలో పెట్టి వెచ్చబెట్టుకుని తాగడమే. చేదు మాత్రం చేదే!

ఇవి కాక సెలైన్‌లో ఎక్కించే మూలికల ఇంజెక్షన్లూ అక్కడ అమ్మకంలో ఉన్నాయి. వాటిలో కాంగ్‌లైట్ అన్నది చైనావాళ్లు గంజి కాచుకునే ఒక ధాన్యపు గింజ నుంచి తీసిన నూనెతో చేసింది. దీన్ని లంగ్ క్యాన్సర్‌లో వాడటానికి అక్కడ అనుమతి ఉంది. మన దగ్గర కషాయం అంటే తాగేదే తెలుసు కాబట్టి, నేరుగా నరంలోకి ఎక్కిస్తారంటే చాలామంది నమ్మరు.

అసలు సిద్ధాంతం రెండు మాటల్లో ఉంది. ఒకటి "ఫుజెంగ్".. అంటే ఒంట్లో బలాన్ని నిలబెట్టడం. రెండోది "చూషే".. అంటే జబ్బును బయటికి తరమడం. ప్రాక్టికల్‌గా జరుగుతున్నదేంటంటే.. జబ్బును తరిమే పని ఎక్కువగా కీమో, టార్గెటెడ్ ట్యాబ్లెట్లు, రేడియేషన్ చూసుకుంటాయి. ఒళ్లు నిలబెట్టే పని కషాయానికి అప్పజెప్తారు. వాట్సాప్ వీడియోల్లో ఎగిరిపోయేది సరిగ్గా ఈ ఒక్క వాక్యమే.

లెక్కలు ఏం చెప్తున్నాయి?

2006లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో ఒక రిపోర్ట్ వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ రీసెర్చర్లు అప్పటిదాకా జరిగిన 34 ట్రయల్స్, మొత్తం 2,815 మంది పేషెంట్ల వివరాలు కలిపి చూశారు. ప్లాటినం కీమోతో పాటు ఆస్ట్రాగలస్ ఉన్న చైనా మూలికలు తీసుకున్న వాళ్లను, కీమో ఒక్కటే తీసుకున్న వాళ్లతో పోల్చారు. ఏడాదిలోపు చనిపోయే ముప్పు మూలికల గ్రూపులో మూడో వంతు తక్కువగా కనిపించింది.

చిన్న విషయం కాదు. ఈ అంకె వినగానే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. కానీ అదే రిపోర్ట్ రాసినవాళ్లే చివర్లో ఆగమన్నారు. ఆ ట్రయల్స్‌లో చాలావాటి నాణ్యత సరిగ్గా లేదు, పకడ్బందీగా మళ్లీ చేస్తే తప్ప దీన్ని ఖాయం చేయలేం అన్నారు.

ఎందుకంత అనుమానం? దీనికి ముందే 1998లో ఒక విచిత్రమైన సంగతి బయటపడింది. ఏ దేశం నుంచి వచ్చిన ట్రయల్స్‌లో ఎన్ని "మందు పనిచేసింది" అని తేల్చాయో కొందరు రీసెర్చర్లు లెక్కేశారు. ఇంగ్లండ్‌లో 75 శాతం. చైనాలో? 99 శాతం! ఏ దేశంలోనైనా కొన్ని మందులు ఫెయిల్ అవుతాయి కదా. ఫెయిలైనవి అసలు అచ్చుకే రావడం లేదన్న అనుమానం అక్కడే మొదలైంది. ఆ తర్వాత 2009లో చైనా రీసెర్చర్లే ఇంకో పని చేశారు. లాటరీ పద్ధతిలో పేషెంట్లను రెండు గ్రూపులుగా విడదీశామని చెప్పుకున్న ట్రయల్స్ రాసినవాళ్లకు ఫోన్లు చేసి, "ఎలా విడదీశారు?" అని అడిగారు. 2,235 ట్రయల్స్ గురించి ఆరా తీస్తే సరిగ్గా చేసినవి 207 అని తేలింది. అవి క్యాన్సర్ ఒక్కదాని మీదే కాదు, రకరకాల జబ్బుల మీద చేసినవి. సొంత దేశం రీసెర్చ్ మీద వాళ్లే ఈ పరీక్ష పెట్టుకోవడం మాత్రం మెచ్చుకోవాల్సిందే.

అసలు కషాయం మీద ట్రయల్ చేయడమే కష్టం. ట్యాబ్లెట్ అయితే అచ్చం అలాగే ఉండే ఉత్తి ట్యాబ్లెట్ ఇవ్వొచ్చు. కషాయం వాసన, చేదు, రంగు.. నకిలీది ఇస్తే మొదటి గుటకకే తెలిసిపోతుంది. తనకు మందు అందుతోందని తెలిసిన పేషెంట్ "కొంచెం నయంగా ఉంది డాక్టర్" అని చెప్పడం సహజం. పైగా మనిషికో చీటీ.

షాంఘై టీమ్ ఒకటి దీనికి ఒక దారి కనుక్కుంది. కషాయాన్ని నీళ్లలో కలిపే గ్రాన్యూల్స్‌గా మార్చి, అదే రుచి వచ్చేలా ఉత్తి గ్రాన్యూల్స్ కూడా తయారుచేసి 354 మంది మీద ట్రయల్ నడిపింది. అందరికీ ముదిరిన లంగ్ క్యాన్సరే, అందరికీ ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు ఉంది, అందరూ దానికి తగ్గ టార్గెటెడ్ ట్యాబ్లెట్ వేసుకుంటున్నారు. ఎవరికి ఏది ఇస్తున్నారో పేషెంట్‌కూ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు. 2019లో రిజల్ట్ వచ్చింది. క్యాన్సర్ మళ్లీ పెరగడం మొదలయ్యే దాకా పట్టిన కాలం.. ట్యాబ్లెట్‌తో ఉత్తి గ్రాన్యూల్స్ తీసుకున్న వాళ్లలో 10.94 నెలలు, ట్యాబ్లెట్‌తో మూలికల గ్రాన్యూల్స్ తీసుకున్న వాళ్లలో 13.5 నెలలు. అంటే రెండున్నర నెలల తేడా.

నాలుగో స్టేజ్‌లో ఉన్న ఇంట్లో రెండున్నర నెలలంటే ఒక పెళ్లి చూడటం, ఒక సంక్రాంతికి ఇంట్లో ఉండటం. దాన్ని తీసిపారేయలేం. ఇలాంటి ట్రయల్ ఇంకో దేశంలో, ఇంకో టీమ్ చేతిలో మళ్లీ ఇదే రిజల్ట్ ఇస్తే అప్పుడు మాట వేరే. ఈలోగా ఇంకో అంకె కూడా పక్కన పెట్టుకోవాలి. ఇదే జీన్ మార్పు ఉన్నవాళ్లకు పాత ట్యాబ్లెట్ల బదులు ఒసిమెర్టినిబ్ అనే కొత్త ట్యాబ్లెట్ ఇచ్చిన ట్రయల్‌లో ఆ కాలం 10.2 నెలల నుంచి 18.9 నెలలకు పెరిగింది. రెండు ట్రయల్స్‌ను నేరుగా పోల్చకూడదు, నిజమే. కానీ సరైన ట్యాబ్లెట్ దొరకడం అన్నది ఎంత పెద్ద తేడానో కళ్లకు కనబడుతోంది.

మూలికలోంచి మందు వస్తుంది.. కానీ ఎలా?

"అయినా క్యాన్సర్ మందులన్నీ చెట్ల నుంచి వచ్చినవే కదా" అని చాలామంది అంటుంటారు. అన్నీ కాదు గానీ, కొన్ని నిజంగానే చెట్ల నుంచి వచ్చాయి. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు ఉందిగా.. లంగ్ క్యాన్సర్‌లో వాడే వినోరెల్బిన్ మూలం ఆ మొక్కే. చైనాలో "సంతోష వృక్షం" అని పిలిచే ఒక చెట్టు నుంచి 1966లో కాంప్టోథెసిన్ అనే పదార్థం తీశారు. తీసినవాళ్లు మన్రో వాల్, మన్‌సుఖ్ వానీ. వానీ మన మహారాష్ట్రలో పుట్టినవారే. ఆ పదార్థాన్ని ఉన్నదున్నట్టు పేషెంట్లకు ఇచ్చి చూస్తే సైడ్ ఎఫెక్ట్స్ తట్టుకోలేకపోయారు. పక్కన పెట్టేశారు. తర్వాత దాని రసాయన నిర్మాణాన్ని మార్చి చేసిందే టోపోటెకాన్. స్మాల్ సెల్ రకం లంగ్ క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు వాడటానికి 1998లో అమెరికా అనుమతి వచ్చింది.

ఇంకో కథ హార్బిన్ నగరానిది. అక్కడి సంప్రదాయ మందుల్లో పాషాణం, అంటే ఆర్సెనిక్ ఉండేది. 1970ల్లో అక్కడి డాక్టర్లు అందులో పనిచేస్తున్నది ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ అని తేల్చి, దాన్ని ఒక్కదాన్నే వేరుచేసి ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఏపీఎల్ అనే ఒక రకం బ్లడ్ క్యాన్సర్ మీద అది అద్భుతంగా పనిచేసింది. 2000లో అమెరికా కూడా ఒప్పుకుంది. అయితే అది లంగ్ క్యాన్సర్‌కు మందు కాదు. ఈ కథలన్నింట్లోనూ పది మూలికల కషాయం అలాగే మందు అయిపోలేదు. పనిచేసే పదార్థాన్ని వెతికి, డోస్ తేల్చి, ఫెయిలైన చోట ఫెయిలైందని ఒప్పుకున్నాక వచ్చాయి.

కషాయం ఉన్న దేశంలోనే మన ట్యాబ్లెట్ల కోసం..

2018లో చైనాలో ఒక సినిమా పెద్ద హిట్ అయింది. పేరు డయింగ్ టు సర్వైవ్. బ్లడ్ క్యాన్సర్ ట్యాబ్లెట్లు కొనలేని పేషెంట్ల కోసం ఇండియా నుంచి చవక జెనరిక్ మందులు దొంగచాటుగా తెప్పించే మనిషి కథ. లూ యోంగ్ అనే పేషెంట్ నిజ జీవితం దానికి ఆధారం. ఆయన అలా మందులు తెప్పించి కేసులో ఇరుక్కుని, తర్వాత బయటపడ్డారు. అది లుకేమియా కథే అయినా విషయం ఇక్కడికీ వర్తిస్తుంది. వీధికో మూలికల షాపు ఉన్న దేశంలో మనుషులు జైలుకు కూడా తెగించింది ఇండియా ట్యాబ్లెట్ కోసం. ఆ ఏడాది అక్టోబర్‌లోనే చైనా ప్రభుత్వం 17 క్యాన్సర్ మందుల ధరలను సగటున 57 శాతం దాకా తగ్గించి ఇన్సూరెన్స్‌లో చేర్చింది.

ఎక్కడ ప్రాణం మీదికి వస్తుంది?

కషాయం తాగడం వల్ల కాదు, దాన్ని నమ్మి మిగతా ట్రీట్‌మెంట్ ఆపేయడం వల్లే పెద్ద నష్టం. అమెరికాలో యేల్ యూనివర్సిటీ డాక్టర్లు, క్యాన్సర్ ఇంకా దూరంగా పాకని పేషెంట్లలో ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్న 281 మందిని, మామూలు ట్రీట్‌మెంట్ తీసుకున్న వాళ్లతో పోల్చారు. చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. లంగ్ క్యాన్సర్ వాళ్లలో రెండు రెట్లకు పైనే.

రెండోది, మూలికలో ఏముందో తెలియకపోవడం. 1990ల్లో బెల్జియంలో ఒళ్లు తగ్గే క్లినిక్‌లో ఇచ్చిన క్యాప్సూల్స్‌లో ఒక చైనా మూలిక బదులు, పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక పడింది. అది అరిస్టోలోకియా. వంద మందికి పైగా కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి మూత్రనాళ క్యాన్సర్లూ వచ్చాయి. ఇప్పుడు అందులోని ఆమ్లాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం, మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా లిస్టులో పెట్టింది. మన గాడిదగడపాకు, ఈశ్వరి కూడా అదే అరిస్టోలోకియా జాతి మొక్కలు. "మూలికే కదా, ఏమవుతుంది" అనే ముందు ఇది గుర్తురావాలి. అమెరికాలో ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం అమ్మిన పీసీ-స్పెస్ అనే మూలికల క్యాప్సూల్ సంగతి ఇంకా ఘోరం. టెస్ట్ చేస్తే అందులో కృత్రిమ హార్మోన్, రక్తం పలుచన చేసే మందు దొరికాయి. 2002లో మార్కెట్ నుంచి తీసేశారు.

మూడోది, మందుకూ మూలికకూ పడకపోవడం. ఈజీఎఫ్ఆర్ ట్యాబ్లెట్లలో చాలావాటిని లివర్‌లోని ఎంజైమ్‌లే కరిగిస్తాయి. కొన్ని మూలికలు ఆ ఎంజైమ్‌ల జోరు పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి. జోరు పెరిగితే వేలు పోసి కొన్న ట్యాబ్లెట్ ఒంట్లో నిలవదు. తగ్గితే డోస్ ఎక్కువై విరేచనాలు, దద్దుర్లు, లివర్ సమస్యలు. అతిమధురం లాంటి మామూలు దినుసు కూడా ఎక్కువ రోజులు, ఎక్కువ మోతాదులో తీసుకుంటే బీపీ పెంచి, పొటాషియం తగ్గిస్తుంది. కీమో వాంతులతో అప్పటికే నీరసపడ్డ మనిషికి అది గుండె మీదికి వస్తుంది.

మరి ఒంటికి బలం ఎలా?

కుటుంబాలు కషాయం వైపు చూసేది జబ్బు తగ్గుతుందని మాత్రమే కాదు. "కీమోకు తట్టుకోలేకపోతున్నాడు, ఏదైనా బలానికి ఇద్దాం" అన్న ఆరాటం. చైనా వైద్యం కూడా సరిగ్గా ఆ ఖాళీనే పూరిస్తోంది. డాక్టర్ అరగంట కూర్చుని ఆకలి గురించి, నిద్ర గురించి అడుగుతాడు. పేషెంట్‌కు ఆ అడగడమే సగం ఊరట. అక్కడి వైద్యంలోని ఆక్యుపంక్చర్ విషయానికొస్తే, మణికట్టు లోపలి వైపు ఉండే ఒక పాయింట్ కీమో వాంతులకు ఉపయోగపడుతుందని 1997లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిపించిన నిపుణుల బృందం ఒప్పుకుంది. ప్లేట్‌లెట్స్ పడిపోయి ఉన్నప్పుడు మాత్రం సూదులు వద్దు.

ఈ బలం నిలబెట్టే పనికి ఆధునిక వైద్యంలోనూ ఒక విభాగం ఉంది.. పాలియేటివ్ కేర్. పేరు వినగానే "ఇక ఆఖరి దశ" అని ఇంట్లోవాళ్లు బెదిరిపోతారు. 2010లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో కొత్తగా నాలుగో స్టేజ్ లంగ్ క్యాన్సర్ తేలిన 151 మందిలో సగం మందికి మామూలు ట్రీట్‌మెంట్‌తో పాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్ కూడా ఇచ్చారు. నొప్పి, ఆయాసం, నిద్ర, దిగులు.. ఇవి చూసుకోవడమే పని. వాళ్ల రోజులు మెరుగ్గా గడిచాయి. దానితో పాటు ఎవరూ ఊహించనిది జరిగింది. వాళ్లు 11.6 నెలలు బతికితే, మిగతా సగం 8.9 నెలలు. కొత్త మందు ఏదీ ఇవ్వకుండానే! హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. ఇలాంటిది ఒకటుందని చాలా ఇళ్లలో తెలియనే తెలియదు.

ఇప్పటికే ఎవరైనా చైనా మూలికలో, ఆయుర్వేదమో, నాటు మందో వాడుతుంటే డాక్టర్ తిడతారని దాచొద్దు. డబ్బా మీద ఉన్న పేరు, ఫొటో, ఎన్ని రోజుల నుంచి, రోజుకు ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి ఓపీకి తీసుకెళ్లాలి. పేరే లేని పొట్లమైతే దాన్నే తీసుకెళ్లాలి. కీమో సైకిల్‌కు ముందు చేసే బ్లడ్ టెస్టులో లివర్, కిడ్నీ అంకెలు తేడా వస్తే, కారణం ట్యాబ్లెట్టా పొట్లమా అన్నది డాక్టర్‌కు తెలిసేది దాంతోనే. అదే రోజు ఇంకో ప్రశ్న కూడా అడగాలి.. "బయాప్సీ ముక్క మీద ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, పీడీ-ఎల్1 టెస్టులు చేశారా? రిపోర్ట్ ఏది?"